వెనకవైపు సంతకాలు

"కోసిన ముక్కలేవి?"

బైండరు తలెత్తలేదు. జిగురు డబ్బా మూత బిగిస్తున్నాడు. అప్పటికే మూడుసార్లు బిగించిన మూత అది.

"మిమ్మల్నే. కోసిన ముక్కలు ఎక్కడ పారేశారు?"

"పాత కాగితాలవాడు పొద్దున్నే సంచీ ఎత్తుకుపోయాడు. ముక్కలతో నీకేం పని?"

అతని భార్య బల్ల వైపు తిరిగింది. ముందు గదిలో బల్ల మీద అర్జీ పుస్తకం తెరిచి ఉంది. నీలం అట్ట, వీపున గుడ్డ పట్టీ, మూడు అంచులూ నున్నగా, సమంగా ఉన్నాయి. చూడముచ్చటగా ఉందని అత్తగారు పొద్దున్నే మెచ్చుకుంది కూడా. ఆమె అందులో ఒక కాగితం తిప్పి వెనకవైపు చూపించింది.

అక్కడ పద్దెనిమిది వరసలున్నాయి. ఒక్క వరసకీ మొదలు లేదు. ఇంటిపేర్లన్నీ పోయాయి. కొన్నిచోట్ల అసలు పేరే సగం పోయింది. ఒక వరసలో ఉత్త 'మ్మ' మిగిలింది.

బైండరు చూశాడు. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూశాడు. చేతిలోని మూత కింద పడి బల్ల కిందికి దొర్లింది.

"వెనకవైపు ఎవరు పెట్టమన్నారు? వెనక ఎవరూ పెట్టరు కదా!"

"లాండ్రీ వాళ్ళు పెట్టారు. మూడు కాగితాలు. పైన పేర్లు కనిపిస్తే మేనేజరు కంట్లో పడతామని వెనక్కి తిప్పి పెట్టారు. వెనక గీతలుండవుగా, అంచు దగ్గర్నుంచే మొదలుపెట్టి రాసుకుపోయారు."

"నాతో ఒక్క మాట చెప్పొద్దూ?"

"చెప్పే వీలిచ్చారా? మీరు నాతో మాట్లాడి ఎనిమిది రోజులైంది."

అది నిజం. ఎనిమిది రోజులుగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య కబుర్లన్నీ అత్తగారి ద్వారానే నడుస్తున్నాయి. "అమ్మా, అన్నం పెట్టమను." "అత్తయ్యా, చేతులు కడుక్కు రమ్మనండి." మధ్యలో ఆవిడ మాటకి మాట కలిపి తన సరదా తీర్చుకుంటోంది. కీళ్ళ నొప్పులతో మంచం దిగలేని మనిషికి అంతకన్నా కాలక్షేపం ఏముంటుంది?

"ఎన్ని పోయాయి?" అని మంచం మీంచే అడిగిందిప్పుడు.

"యాభై నాలుగు అత్తయ్యా. మొత్తం ఐదువేల ముప్ఫై ఒకటి ఉండేవి."

"అంటే ఇరవై మూడు తక్కువ."

ముసలావిడ లెక్కల్లో దిట్ట. ఐదువేలకి ఒక్కటి తగ్గినా అర్జీ చెల్లదు. ఊరి కౌన్సిలుకి ఎన్నికలు జరిగి తొమ్మిదేళ్ళయింది. పైనుంచి వేసిన అధికారి ఒక్కడే కూర్చుని, ఎవర్నీ అడక్కుండా, ఏ వీధిలో నీళ్ళు రావాలో ఏ బడి మూతపడాలో తేలుస్తున్నాడు. ఎన్నికలు జరపమని ఐదువేల మంది సంతకాలు పెట్టి అడిగితే ప్రభుత్వం జవాబు చెప్పి తీరాలని చట్టంలో ఎక్కడో మూల ఒక వాక్యం ఉంది. విడి కాగితాలు పుచ్చుకోరు, కుట్టిన పుస్తకంగానే ఇవ్వాలి. గడువు ఈరోజు సాయంత్రం ఐదు గంటలు.

ఇప్పుడు పదకొండు దాటింది.

"సంతకం పూర్తిగానే ఉందిగా. పేరు సగం పోతే ఏం?" అన్నాడు బైండరు.

"పేరు సగం పోయినా, అతికించినా చెల్లదని అందరికీ చెప్పి చెప్పి నేర్పించిందే మీరు."

అదీ నిజమే. అర్జీల సంగతి ఆ ఊళ్ళో బైండరుకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళుగా అతని పేరే అర్జీల బావగారు. వీధి దీపం వెలగకపోయినా, పింఛను ఆగిపోయినా అతని గుమ్మం ముందే జనం నిలబడేవారు. ఈ పెద్ద అర్జీ కూడా తనే రాశాడు. పదకొండు రోజులు కూర్చుని ఆరు పేజీలు రాశాడు. దాన్ని ఊరి సభలో చదువుతుంటే రెండో పేజీ దగ్గర ఇద్దరు ఆవలించారు. మూడో పేజీ దగ్గర రిటైరైన హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. అప్పుడు వెనక వరసలోంచి అతని భార్య లేచింది.

"అయ్యా, మా ఊరిని మేం నడుపుకుంటాం. తొమ్మిదేళ్ళు ఓపిక పట్టాం, ఇక చాలు" అని మొదలుపెట్టి ఎనిమిది వాక్యాలు చెప్పింది. కాగితం లేదు, కలం లేదు. హాలంతా చప్పట్లతో మోగింది. ఆ ఎనిమిది వాక్యాలే అచ్చుకి పోయాయి. ఆరు పేజీలూ బైండరు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక కాపీ ఇవ్వమని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ రోజు నుంచే మౌనం. కిటికీ పక్కన మిషను పెట్టుకుని చొక్కాలూ గౌన్లూ కుట్టే మనిషి, మిషనక్క అని పిలిపించుకునే తన పెళ్ళాం, తన పనిలో తననే దాటిపోతే ఏ మొగుడికి ఒళ్ళు మండదు? మన బైండరు మంచివాడే. కానీ మంచివాళ్ళకి ఉండే కడుపుమంట మామూలు కడుపుమంట కాదు. పైకి కక్కలేరు, లోపల దాచుకోలేరు.

"అంచులు వంకరటింకరగా ఉంటే కొయ్యకుండా ఎలా ఇస్తాను?" అన్నాడు. "ముప్ఫై ఏళ్ళ చెయ్యి నాది. పనితనం అంటూ ఒకటుంటుంది."

"అంచు సమం చెయ్యాలంటే నూలుపోగంత కోస్తే సరిపోతుంది. ఇక్కడ రెండు వేళ్ళ వెడల్పు పోయింది. ముప్ఫై ఏళ్ళ చెయ్యి అంత కోస్తుందా?"

బైండరు బల్ల కిందికి వంగి మూత కోసం వెతికాడు.

"వాడి జేబులో చూడమ్మాయ్" అంది అత్తగారు తాపీగా. "పొద్దుట్నుంచీ ఆ జేబు మీదే చెయ్యి పెట్టుకు తిరుగుతున్నాడు."

"అమ్మా!"

"నాతో అరిచి ఏం లాభంరా? నేనేమన్నా కోశానా?"

ఆమె చెయ్యి చాచింది. జేబులో పెట్టలేదు. చాచి ఊరుకుంది. అతను చాలాసేపు ఆ చేతిని చూశాడు. చూసి చూసి, జేబులోంచి నాలుగు సన్నటి కాగితపు ముక్కలు తీసి అందులో పెట్టాడు.

సంతకాల కాగితాలకి ముందువైపు కుడి పక్కన కాస్త ఖాళీ ఉంటుంది. జనం ఊరుకోరు కదా, కొందరు అక్కడ తోచింది రాశారు. ఆమె ఒక్కొక్క ముక్కా వెలుతురుకి పట్టి చదివింది. 'మిషనక్క మాటే నా మాట.' 'ఇన్నాళ్ళకి అర్థమయ్యే అర్జీ చూశాను.' మూడోది ఎవరో కుర్ర చేతిరాత: 'ఎన్నికలొస్తే అక్కా నువ్వే నిలబడు.' నాలుగోది కూడా అదే రకం. పూర్తిగా చదవలేదు, మడిచేసింది.

అత్తగారు కూడా నోరు మూసుకుంది. ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు.

"ఇవా?" అందామె.

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వీటి కోసమా కోశారు?"

"అర్జీ అన్నాక శుభ్రంగా ఉండాలి. పక్కన పిచ్చిరాతలుంటే ఆఫీసువాళ్ళు నవ్వుతారు."

"మరి ఈ పిచ్చిరాతలు దాచుకున్నారెందుకు?"

దానికి జవాబు అతనికి తెలుసు. నోటితో చెప్పడానికే సిగ్గు. చదివితే కడుపు మండుతుంది, చదవకపోతే తోచదు. నిన్నటి నుంచి ఆ ముక్కలు ఎన్నిసార్లు తీసి చదువుకున్నాడో లెక్కలేదు. ఎవరి చేతిరాత ఏదో కూడా పోల్చుకున్నాడు. కుర్ర రాత ఎవరిదో మాత్రం అంతుపట్టలేదు, ఆ ఒక్కటీ మరీ బాధపెట్టింది.

"ఇంకో సంగతి" అంది అత్తగారు, ఎక్కువసేపు ఉండలేక. "వీడు కూడా పెడితే ఇరవై రెండే తక్కువ. వీడి సంతకం అందులో లేదుగా."

ఆమె తిరిగి భర్త వైపు చూసింది. ఈసారి నిజంగానే ఆశ్చర్యపోయింది.

"మీరు పెట్టలేదా?"

"ఎవరూ అడగలేదు."

"అడగాలా?"

"ఇరవై ఏళ్ళు అర్జీలు రాసిన మనిషిని. మొదటి సంతకం నాది ఉండాలని ఎవరికైనా తోస్తుందేమో అనుకున్నాను. తోచలేదు. మొదటి కాగితంలో మొదటి పేరు నీది. హెడ్మాస్టరు నీకే ఇచ్చాడు కలం. ఆ తర్వాత ఐదువేల ముప్ఫై రెండోవాడిగా నేను పెట్టాలా?"

ఆమె కలం తీసి బల్ల మీద అతని ముందు పెట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

"ముందు లాండ్రీ వాళ్ళని అడుగు. నాది తర్వాత చూద్దాం."

ఏడుస్తుందేమో అనుకున్నాడు. అరుస్తుందేమో అనుకున్నాడు. రెంటికీ సిద్ధంగా ఉన్నాడు. ఆమె మాత్రం గీతలు కొట్టిన ఖాళీ కాగితాలు రెండు తీసుకుని, పుస్తకాన్ని గుడ్డలో చుట్టి సంచీలో పెట్టింది.

"చొక్కా మార్చుకోండి. లాండ్రీకి పోవాలి. ఊళ్ళో పెట్టేవాళ్ళంతా ఎప్పుడో పెట్టేశారు, ఇక మిగిలింది వాళ్ళే. ఒంటిగంటకి మేనేజరు భోజనానికి వెళ్తాడు, ఇరవై నిమిషాలు దొరుకుతాయి."

"నేనెందుకు?"

"కొత్త కాగితం పుస్తకంలోకి కుట్టేదెవరు? నేను గుడ్డలే కుడతాను."

* * *

లాండ్రీ నాలుగు వీధుల అవతల. ఆ నాలుగు వీధులూ నాలుగు ఊళ్ళంత పొడుగయ్యాయి బైండరుకి.

మందుల షాపతను కౌంటరు మీంచి వంగి, "అక్కా, ఇవాళేనటగా ఇచ్చేది!" అన్నాడు. సైకిలు రిపేరు చేసే ముసలాయన చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం ఒకప్పుడు బైండరుది. ఎవరో అమ్మాయి మేడ మీంచి చెయ్యి ఊపింది. మిషనక్క అందరికీ తలూపుతూ నడుస్తోంది. ముఖంలో ఏమీ కనపడనివ్వడం లేదు.

అతను నాలుగడుగుల వెనక, సూదులూ దారం కండెలూ ఉన్న పెట్టె పట్టుకుని నడుస్తున్నాడు.

"బావగారూ, అక్కకి సాయం పోతున్నారా? మంచిది, మంచిది!" అన్నాడు క్షౌరశాల గుమ్మంలో నిలబడ్డవాడు. మెచ్చుకుంటూనే అన్నాడు పాపం. బైండరుకి మాత్రం తల కొట్టేసినట్టయింది.

మలుపు దగ్గర ఆమె ఆగి, అతను వచ్చేదాకా నిలబడింది.

"అక్కడ మీరేం మాట్లాడకండి" అంది నెమ్మదిగా. "నేను చెప్పుకుంటాను."

"ఏం చెబుతావు?"

"ఏదో ఒకటి. పోయిన వారం సంతకం పెట్టిందని తెలిసి మడతల సెక్షన్లో ఒకావిణ్ణి పనిలోంచి తీసేశారు. అయినా మిగతావాళ్ళు సంతకాలు వెనక్కి తీసుకోలేదు. అలాంటివాళ్ళని మళ్ళీ పెట్టమని అడగాలంటే నోరెలా వస్తుందో మీరే చెప్పండి."

జవాబు కోసం ఆగకుండా ఆమె మలుపు తిరిగింది.

* * *

ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికే చోటది. లోపలికి అడుగు పెట్టగానే ఆవిరి ముఖానికి కొట్టింది. ఇస్త్రీ రోలర్లు ఆపేశారు. ముప్ఫై మంది ఆడవాళ్ళు మడతల బల్లల మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు.

రోలర్ల దగ్గర పెద్దని అందరూ వదిన అంటారు. మోచేతుల దాకా కాలిన మచ్చలు, ఎప్పుడూ నవ్వే నోరు.

"ఏంటక్కా, పుస్తకం ఇచ్చేసి వస్తావనుకుంటే చంకలో పెట్టుకొచ్చావు?"

"వదినా, మీ సంతకాలు పోయాయి. యాభై నాలుగూ పోయాయి. మళ్ళీ పెట్టాలి."

డబ్బాల చప్పుడు ఆగింది.

"పోవడమేంటి? ఎలా పోతాయి?"

బైండరు పెట్టె గట్టిగా పట్టుకున్నాడు. మిషనక్క అతని వైపు చూడలేదు.

"నేనే" అంది. "అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని కత్తెర పెట్టాను. వెనక మీ పేర్లున్నాయన్న సంగతి మర్చిపోయాను. తప్పు నాదే, వదినా. తిట్టాలంటే తిట్టండి, కానీ సంతకాలు పెట్టండి. ఇరవై మూడైనా చాలు."

వదిన ఫక్కున నవ్వింది.

"ఊరందరికీ చొక్కాలు కుట్టావు, ఒక్కడికీ చెయ్యి పొట్టి చెయ్యలేదు. పొట్టి చెయ్యడానికి మా పేర్లే దొరికాయటే నీకు!"

అంతే, గదంతా నవ్వులు. ఒకావిడ చెయ్యి కడుక్కుని వచ్చింది. ఇంకొకావిడ తలుపు దగ్గర కాపలా నిలబడింది. కాగితం బల్ల మీద పరిచారు, వరస కట్టారు. ఈసారి ముందువైపే.

"అక్క చేతిలో పోయాయి కాబట్టి సరిపోయింది" అంది వరసలో ఒకావిడ, వెనక మూల నిలబడ్డ బైండరుని చూసి కన్నుగీటుతూ. "అదే ఈ బావగారు కోసుంటేనా, ఆ రోలర్లో వేసి ఇస్త్రీ చేసేవాళ్ళం!"

మళ్ళీ నవ్వులు.

బైండరు కూడా నవ్వాలనుకున్నాడు. పెదాలు సాగలేదు.

అతని తప్పు తన మీద వేసుకుంది. అది అతనికి తెలియదా? తెలుసు. ఇంకొకడైతే ఆ క్షణంలో పెళ్ళాం మీద ప్రేమ పొంగిపోయేది. మన బైండరుకి అది పొంగబోయింది కూడా. అంతలో ఎదురుగా వరస కనిపించింది. ఒక్కొక్కరూ ఆమె భుజం తట్టి, ఏదో ఒక మాట అని, సంతకం పెట్టి పోతున్నారు. అర్జీ ఆమెదైంది. చప్పట్లు ఆమెవి, నమస్కారాలు ఆమెవి. చివరికి తను చేసిన తప్పు కూడా ఆమెదైపోయింది. పోనీ దానికి తిట్లు పడ్డాయా అంటే అదీ లేదు, ముద్దులొచ్చాయి. తను ఈ గదిలో దోషి కూడా కాడు. దారం పెట్టె మోసుకొచ్చినవాడు.

ఎనిమిది. తొమ్మిది. ఆమె వేలు పెట్టి లెక్కపెడుతోంది. పది.

పదకొండో ఆమె సంతకం పెట్టి పక్కకి జరిగింది. పన్నెండో ఆమె కలం అందుకుంది.

"కోసింది ఆవిడ కాదు" అన్నాడు బైండరు.

అంత గట్టిగా అనాలనుకోలేదు. ఆ రేకుల కప్పు కింద మాట రెండింతలై వినిపించింది.

"ఏమండీ" అంది మిషనక్క.

"నేను కోశాను. కత్తెరతో కాదు, కోత మిషనుతో. చెయ్యి జారి కాదు, తెలిసే కోశాను. పక్కన ఈవిణ్ణి పొగుడుతూ రాసినవి ఉన్నాయి, అవి ఉండకూడదని కోశాను. వెనక మీ పేర్లున్న సంగతి నాకు తెలియదు. కానీ కోసింది మాత్రం నేను. ఆవిడకేం సంబంధం లేదు."

ఎనిమిది రోజుల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. తన తప్పు తనకి తిరిగొచ్చింది. చెప్పింది నిజమే. చెప్పించింది మాత్రం నిజాయితీ అనుకుంటే పొరపాటు, ఈర్ష్యే చెప్పించింది. ఆ సంగతి అతనికి భార్య ముఖం చూశాక గానీ తెలియలేదు.

తిడతారని ఎదురుచూశాడు. కొట్టడానికి వచ్చినా బాగుండేది. ఎవరూ అతని వైపు చూడలేదు. ముప్ఫై మందీ మిషనక్కనే చూస్తున్నారు.

పన్నెండో ఆమె చేతిలోంచి వదిన కలం తీసుకుంది. క్యాప్ పెట్టింది.

"ఆయన సంగతి సరే. మీ ఇంటి గొడవ, మీరు చూసుకుంటారు" అంది. నవ్వే నోరు నవ్వడం లేదు. "నువ్వెందుకు అబద్ధం చెప్పావక్కా?"

"వదినా, టైము లేదు. పన్నెండే తక్కువ. ఐదింటికల్లా..."

"ఎందుకు చెప్పావు?"

మిషనక్క నోరు తెరిచింది. ఎనిమిది వాక్యాలు కాగితం లేకుండా చెప్పిన మనిషికి ఒక్క వాక్యం దొరకలేదు.

వదిన పదకొండు పేర్లున్న కాగితాన్ని బల్ల మీంచి తన వైపు లాక్కుంది.

"మాలో సగం మందికి చదువు రాదు. సంతకం ఒక్కటే వచ్చు. నీ అర్జీలో ఏం రాసుందో మేం చదవలేదు. నువ్వు చెప్పింది విని పెట్టాం. పని పోతుందని తెలిసి కూడా, నువ్వు చెప్పావని పెట్టాం" అంది. "ఇప్పుడు చెప్పు. ఈ సంతకాలు ఎవరి మాట నమ్మి ఇవ్వమంటావు?"